సమానమనుట, తూచి చూచుట

ఏ రెండు వస్తువులనైనను సమానములని చెప్పుట సులభము. శాస్త్రగ్రంథము చెప్పును, ధర్మశాసనము చెప్పును, సభలో ఉపన్యాసకుడు చెప్పును. ఆ మాట నిజమో కాదో తక్కెడలో పెట్టి చూచుట మాత్రము కష్టము. అందులకు ఓర్పు కావలెను, నేర్పు కావలెను. అన్నిటికంటె ముఖ్యముగ, తక్కెడ ఒక వైపునకు మొగ్గినచో ఆ సంగతి ఒప్పుకొను ధైర్యము కావలెను. ఈ నడుమ మేము భౌతికశాస్త్రమునకు సంబంధించిన యొక విషయమును చదువుచు ఈ భేదమును గూర్చి చాల దినములు తలపోసితిమి. ఆ విషయమును మొదట చదువరులకు విన్నవించి, అది మా యింటి గడప దాటి లోపలికి వచ్చిన విధమును కడపట చెప్పెదము.

1928వ సంవత్సరమున ఇంగ్లండులో పాల్ డిరాక్ అను యువకుడు ఎలెక్ట్రానును గూర్చి యొక సమీకరణమును వ్రాసెను. ఆ సమీకరణమునకు రెండు తీరుల సమాధానములు వచ్చెను. ఒకటి మనమెఱిగిన ఎలెక్ట్రాను. రెండవది దానితో అన్నివిధముల సరితూగుచు, విద్యుదావేశము మాత్రము తాఱుమాఱైన కణము. లెక్కలో వచ్చినదానిని లెక్కతప్పని త్రోసివేయక, అట్టి కణము నిజముగ ఉండవలెనని 1931లో డిరాక్ ప్రకటించెను. మఱుసటి సంవత్సరమే అమెరికాలో కార్ల్ ఆండర్సన్ ఆకాశమునుండి వచ్చు కిరణముల జాడలలో దానిని కనుగొనెను. దానికి పాజిట్రాను అని పేరు. 1955లో కాలిఫోర్నియాలోని బర్కిలీ ప్రయోగశాలలో ప్రోటానునకు జంటయైన ప్రతిప్రోటాను దొరకెను. అందులకై సెగ్రే, ఛాంబర్లేను అను వారికి 1959లో నోబెల్ బహుమతి వచ్చెను. ఇట్టి కణములతో నైనది ప్రతిపదార్థము. అది పదార్థమును తాకిన చోట రెండును నశించి, వెలుగుగను ఇతర కణములుగను మాఱిపోవును.

ఈ జంటను గూర్చి సిద్ధాంతకారులు చెప్పు శాసనమొకటి కలదు. ఆవేశమును తాఱుమాఱు చేసి, అద్దములో వలె కుడియెడమలను మార్చి, కాలగతిని వెనుకకు త్రిప్పినచో, ఈ మూడు మార్పులును ఒక్కసారి జరిగిన పక్షమున ప్రకృతినియమములలో ఏమాత్రమును భేదము కనబడదు. దానిని బట్టి ప్రోటానునకును ప్రతిప్రోటానునకును ద్రవ్యరాశి ఒక్కటే కావలెను. ఆవేశము పరిమాణమున ఒక్కటియై గుర్తున వేఱు కావలెను. ప్రతి కణమును ఒక చిన్న అయస్కాంతము వలె ప్రవర్తించును గనుక, ఆ అయస్కాంతబలమును సమానము కావలెను. ఇంత గట్టి శాసనముండగా మరల తూచుట యెందులకని చదువరులు అడుగవచ్చును.

రెండు కారణములు కలవు. మొదటిది మన యునికియే. విశ్వము పుట్టినప్పుడు పదార్థమును ప్రతిపదార్థమును సరిసమానముగ పుట్టియుండినచో, ఒకదానినొకటి హరించి వెలుగు తప్ప మఱేమియు మిగులరాదు. కాని నక్షత్రములు మిగిలినవి, భూమి మిగిలినది, మనము మిగిలితిమి. ఎక్కడనో, ఎప్పుడో, తక్కెడ మొగ్గినది.

రెండవ కారణము గతానుభవము. ప్రకృతికి కుడియెడమల భేదము లేదని పెద్దలందఱు నమ్మియుండిరి. 1956లో లీ, యాంగ్ అను చైనాదేశజులిరువురు పాత ప్రయోగములన్నిటిని తిరుగవేసి, కొన్ని రకముల పరమాణుక్రియలలో ఆ సమత్వమును ఎవరును పరీక్షించియే యుండలేదని తెలిసికొనిరి. అందఱును నమ్మిరి, ఎవరును తూచలేదు. అంతట చియెన్-షియుంగ్ వూ అను విదుషీమణి కోబాల్టు పరమాణువులను మిక్కిలి చల్లార్చి పరీక్షించి, ఆ సమత్వము అచ్చట తప్పుచున్నదని 1957లో లోకమునకు చూపెను. ఆ యేటి నోబెల్ బహుమతి లీ, యాంగులకు వచ్చెను. తూచి చూపిన యామెకు రాలేదు. 1964లో క్రోనిన్, ఫిచ్ అనువారి ప్రయోగమువలన ఆవేశమును కుడియెడమలను కలిపి మార్చిన సమత్వము కూడ కొన్ని యెడల చెడునని తేలెను. మూడు మెట్లలో రెండు మెట్లిట్లు కదలినవి. మూడవది కదలదని పూచీపడుట కంటె పరీక్షించుటయే మేలని తలచిన వారున్నారు.

వారి పనిచోటు స్విట్జర్లండులోని జెనీవా నగరము చెంతనున్న సెర్న్ ప్రయోగశాల. అచ్చట మహావేగముగల ప్రోటానులను లోహపు దిమ్మపై కొట్టించి ప్రతిప్రోటానులను పుట్టింతురు. పుట్టినవి మిక్కుటమైన వేగముతో పాఱుచుండును. 2000వ సంవత్సరము నుండి అచ్చట పనిచేయుచున్న యంత్రమొకటి వాని వేగమును తగ్గించును. తక్కిన యంత్రములు కణములను పరుగెత్తించుటకు పుట్టగా, ఇది కణములను నిలుపుటకు పుట్టినది. తరువాత వానిని ఒక బోనులో పట్టుదురు. ఏ గోడ తగిలినను ప్రతికణము నశించును గనుక, ఈ బోనునకు గోడలు పనికిరావు. బలమైన అయస్కాంతక్షేత్రము కణమును పక్కలకు పోనీయక చుట్లు తిప్పును. ముందువెనుకల నున్న విద్యుత్పీడనము దానిని నడుమకు నెట్టుచుండును. దీనిని పెన్నింగు ఉచ్చు అందురు. దాని లోపలి గాలిని తుదకంట తీసివేసి, పాత్రనంతను ద్రవహీలియముతో చల్లార్తురు. ఇట్టి బోనులో ప్రతిప్రోటానులను 405 దినములకు పైగా నిలిపినవారు అచ్చటి బేస్ అను పరిశోధకబృందమువారు. వారికి స్టెఫాన్ ఉల్మర్ నాయకుడు.

ఒక్క కణమును బోనులో నిలుపు విద్యకు అంతకు ముందే గురువొకడు కలడు. అమెరికాలోని సియాటిల్ నగరమున హాన్స్ డేమెల్ట్ అను పండితుడు 1984లో ఒకే యొక పాజిట్రానును మూడు నెలలు నిలిపి దానికి ప్రిసిల్లా అని పేరు పెట్టెను. కోట్లకొలది కణముల సగటును చూచుటకు అలవాటుపడిన శాస్త్రములో ఒక కణమునకు పేరు పెట్టుట వింతయే. కాని ఆ పేరులో గొప్ప భావమున్నది. సగటునకు పేరుండదు, ఒక్కటిగ నిలిచినదానికే పేరుండును. 1989లో డేమెల్టునకు నోబెల్ బహుమతిలో భాగము వచ్చెను.

బోనులోనున్న యొక్క కణమును తెలిసికొనుట యెట్లు? అది సెకనుకు ఇంచుమించు మూడు కోట్ల చుట్లు తిరుగుచు, ఆఱు లక్షలకు పైగా ముందువెనుకలకు ఊగుచుండును. దాని చుట్టునున్న రాగికడియములలో ఆ ఊపువలన అతిస్వల్పమైన విద్యుత్తు అటునిటు కదలును. ఒక ఆంపియరును పది కోట్ల కోట్ల భాగములు చేసినచో ఆ భాగము లెన్నియో కొన్నింటికి మించని విద్యుత్తది. సామాన్యమైన యే పరికరమునకును అది వినబడదు. దానిని వినుటకు అతివాహకపు తీగచుట్ట కావలసివచ్చెను.

1911లో హాలండు దేశపు లైడెన్ నగరమున కామర్లింగ్ ఓనెస్ పాదరసమును ద్రవహీలియముతో చల్లార్చి, సున్నకు దిగువ 269 డిగ్రీల ప్రాంతమున అందులోని విద్యున్నిరోధము హఠాత్తుగ మాయమగుటను చూచెను. అదియే అతివాహకత. ఆ నాడది వినోదము. నేడు నియోబియము, టైటానియము కలిసిన సన్నని తీగను చుట్టచుట్టి లోహపు డబ్బాలో నుంచి, ఉచ్చు కడియములకు కలిపినచో, అది ఈ స్వల్పవిద్యుత్తును పట్టు చెవి యగుచున్నది. మంచి కంచుగంటను ఒక్కసారి కొట్టినచో చాలసేపు మ్రోగును. మట్టికుండను కొట్టినచో వెంటనే మూగబోవును. రాగి తీగచుట్ట మట్టికుండ వంటిది. నిరోధము లేని తీగచుట్ట కంచుగంట వంటిది; తన కనువైన పౌనఃపున్యమున ఒక్కసారి కదలించినచో వేలకొలది ఊపులు ఊగును. కణపు ఊపునకును దాని ఊపునకును శ్రుతి కలిసినప్పుడు, ఆ తీగచుట్ట కోట్ల ఓముల నిరోధము వలె నిలిచి, ఆ వినబడని విద్యుత్తును వోల్టులో కోటివ వంతు ప్రాంతపు పీడనముగ మార్చును. దాని ప్రక్కనే, అంత చలిలోనే పనిచేయు వర్ధకమొకటి దానిని పెద్దది చేసి బయటికి పంపును.

ఇచ్చటనే మమ్ము మిక్కిలి ఆకర్షించిన సంగతి యున్నది. ఆ తీగచుట్ట యెంత చల్లనిదైనను పరమశూన్యము కాదు; కావున దానిలో ఎప్పుడును కొంత ఉష్ణజనితమైన రొద యుండును. రొదను పటముగ గీసినచో, తీగచుట్టకు సహజమైన పౌనఃపున్యమున నొక గట్టు కనబడును. కణము చల్లారి ఆ చుట్టతో సమోష్ణత పొందిన పిదప, ఆ గట్టు నడుమ సన్నని గాటొకటి ఏర్పడును. కణము తన పౌనఃపున్యమున ఆ రొదను తనలోనికి లాగికొని, అచ్చట దానిని అణచివేయుచున్నది. చప్పుడు చేసి తన్ను తెలుపుకొనుట లేదు. చప్పుడు లేని చోటే దాని ఉనికి. ఉచ్చులో రెండు కణములున్నచో ఆ గాటు రెండింతలు వెడల్పగును, మూడున్నచో మూడింతలు. మౌనపు వెడల్పును కొలిచి ఎందఱున్నారో లెక్కింపవచ్చునన్న మాట. చెవియే చల్లగా, నిశ్శబ్దముగా లేనిచో ఆ మౌనము దానికి తెలియనే తెలియదు.

వినువాని వేడి వినబడుదానికిని అంటును. శోధకము కణపు శక్తిని హరించి తన చలికి దానిని దింపును. కాని తనకంటె చల్లగా చేయజాలదు. ప్రతిప్రోటాను అయస్కాంతబలమును తూచుటకు దాని భ్రమణముఖము పైకున్నదో క్రిందికున్నదో తెలియవలెను. ముఖము తిరుగబడినప్పుడు సెకనుకు 6,75,000 ఊపుల ప్రాంతమున వచ్చు మార్పు 0.17 ఊపు మాత్రమే. కణము ఏమాత్రము వేడిగనున్నను ఆ మార్పు కలతలో కలిసిపోవును. అంతటి చల్లని కణము దొరకుటకు బేస్ బృందమువారు మాటిమాటికి కణమును శోధకముతో కలిపి విడదీయుచు గంటల తరబడి వేచియుండెడివారు. 2024లో వారు ప్రకటించిన క్రొత్త ఏర్పాటుతో 15 గంటల ఆ పని 8 నిమిషములకు దిగినది. జర్మనీలోని మైంజ్ నగరమున మఱియొక వింత జరిగినది: 9 సెంటీమీటర్ల దూరమున వేఱు ఉచ్చులోనున్న, లేసరు వెలుగుతో చల్లార్చిన బెరిలియము అయానుల చలువను, అతివాహకపు తీగచుట్ట ద్వారా ఒక్క ప్రోటానునకు అందించిరి. ఆ సంగతి 2021లో ప్రకటితమైనది.

ఇంత శ్రమపడి తూచినవారికి తేలినదేమి? 2017లో ప్రకటించిన లెక్క ప్రకారము ప్రతిప్రోటాను అయస్కాంతబలము, ఆ శాస్త్రపు ప్రమాణములో, 2.7928473441, అందులోని సందేహము నూఱు కోట్లలో ఒకటిన్నర పాలు. అదే యేట ప్రోటానునకు వచ్చిన సంఖ్య 2.79284734462. గుర్తు తాఱుమాఱు; బలమొక్కటే. 2022లో ఆవేశమునకును ద్రవ్యరాశికిని గల నిష్పత్తిని ప్రకటించిరి. అందులో వారు చూపిన నిజాయితీని చదువరులు గమనింపవలెను. ప్రతిప్రోటానుది ఋణావేశము, ప్రోటానుది ధనావేశము. రెండింటిని తూచుటకు ఉచ్చులోని విద్యుత్పీడనమును మార్పవలసివచ్చును. మార్చినచో తక్కెడయే మాఱినట్లగును. అందుచే ప్రోటానునకు బదులు, దానికి రెండు ఎలెక్ట్రానులు తగిలించిన ఋణ హైడ్రోజను అయానును తీసికొని, అదే ఉచ్చులో, అదే పీడనముతో తూచి, ఆ రెండు ఎలెక్ట్రానుల భారమును లెక్కలో తీసివేసిరి. ఒకటిన్నర సంవత్సరము పాటు ఇట్టి పోలికలు 24,000 చేసిరి. లక్ష కోట్లలో 16 పాళ్ల సందేహము వఱకు రెండును సమానమని తేలెను. చంద్రునికి గల 3,84,000 కిలోమీటర్ల దూరమును కొలిచి, ఆఱు మిల్లీమీటర్ల ప్రాంతమున మాత్రమే సందేహపడుట వంటిదది.

తేలిన తరువాతనైనను వారు తక్కెడను అటకపై పెట్టలేదు. కణములను మందగింపజేయు యంత్రముల సందడివలన అయస్కాంతక్షేత్రము కలతపడుచున్నదని, ఉచ్చునే లారీకెక్కించి నిశ్శబ్దమైన చోటికి కొనిపోవు నుపాయము పన్నిరి. అందులకు పరీక్షగ 2024 అక్టోబరులో 70 ప్రోటానులను ఉచ్చుతో సహా సెర్న్ ఆవరణలో లారీపై త్రిప్పి చూచిరి. శాసనము సమానమన్నది; తక్కెడయు సమానమన్నది; అయినను ఇంకను మెత్తగా తూచెదమనుచున్నారు. ఇది శాసనముపై అవిశ్వాసము కాదు. శాసనమునకు చేయదగిన యథార్థమైన గౌరవమని మా యభిప్రాయము.

ఇక మా యింటి మాట. మన దేశమున 1950 నుండి అమలులోనున్న రాజ్యాంగము స్త్రీపురుషులు చట్టము ముందు సమానులని చెప్పినది. ఆంధ్రప్రదేశమున 1986లో చేసిన సవరణచట్టము, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లుగ, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడికుటుంబపు ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు నిచ్చినది. 2005లో దేశమంతటికిని అట్టి చట్టము వచ్చినది. ఈ సంగతులు మేము సభలలో ఎన్నియో సార్లు చెప్పి చప్పట్లందుకొంటిమి. మా యింట ఆడుబిడ్డకును మగబిడ్డకును భేదము లేదని కూడ ఆ సభలలోనే చెప్పితిమి.

మా తండ్రిగారు గతించిన పిదప ఆస్తి పంపకమునకు పెద్దలందఱు కూర్చుండిరి. మా చెల్లెలు గుమ్మము చాటున నిలుచుండెను. చట్టప్రకారము ఆమెకును సమభాగమున్నదని మేమే బిగ్గరగ చదివితిమి. మేనమామగారు, దానికి పసుపుకుంకుమల క్రింద ఇచ్చినది చాలునులెండని ఆమె తరఫున చెప్పిరి. దస్తావేజు ఆమె ముందుంచిరి. ఆమె యేమియు అనలేదు, సంతకము చేసెను. ఆ మౌనమును మేము సమ్మతిగను, తోబుట్టువుల ప్రేమగను చదివికొంటిమి. ఆ గదిలో అంత రొద, మాలో అంత వేడి యుండగా మఱియొకటి మాకెట్లు వినబడును?

రొద నడుమ గాటును గూర్చి చదివిన రాత్రి మాకు ఆ గుమ్మము జ్ఞాపకము వచ్చెను. ఒక కాగితము తీసికొని రెండు వరుసలు గీసి, తమ్మునికిని మాకును చేరిన పొలము, ఇల్లు, చదువుల ఖర్చు ఒక ప్రక్కను, ఆమెకు పెట్టిన నగలు, పెండ్లిఖర్చు మఱియొక ప్రక్కను వ్రాసితిమి. లక్ష కోట్లలో పదునాఱు పాళ్ల తేడా కాదది. పిల్లవాడు కూడ చూచి చెప్పగల తేడా. మఱునాడు ఆమె యింటికి పోయి, ఎవరును లేనప్పుడు అడిగితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. ఈ సారి మేమును మాటలాడలేదు. కడకు, "అన్నయ్యా, ఆనాడు నన్నెవరు అడిగిరి? వ్రేలు పెట్టి చోటు చూపిరి, అక్కడ వ్రాసితిని" అనెను. కోపముతో అనలేదు, అందుచేతనే మాకది నేటికిని మఱపునకు రాకున్నది.

మా భాగమునుండి ఆమెకు రావలసినది ఆమె పేర వ్రాయుటకు నిశ్చయించితిమి. తమ్ముడు ఇందులకు సమ్మతింపలేదు. జరిగినదానిని త్రవ్వుటయేలయని మాతో మాటలు మానుకొన్నాడు. ఆమెయు, మీ యిద్దఱికిని తగవు పెట్టి నాకు పొలమెందులకని వెనుదీయుచున్నది. ఈ వ్యవహారమెట్లు ముగియునో చెప్పలేము. అయినను, మా యింట భేదము లేదను వాక్యమును మా ఉపన్యాసమునుండి కొట్టివేసితిమి.

కణముల సమానత్వమునకును మనుష్యుల సమానత్వమునకును పెద్ద భేదమున్నదని మేమెఱుగుదుము. అది ప్రకృతి యిచ్చినది. తూచువారు కనుగొనవలసినదే గాని కలిగింపవలసినది కాదు. ఇది మనుష్యులు చేయవలసినది, చేయనిచో లేదు. కాని రెండింటిలోను వ్రాసియుంచిన సమానత్వము తూచిన సమానత్వము కాదు. రెండింటిలోను తూచువాడు ముందు తన వేడిని తగ్గించుకొనవలెను. మాటలాడని దాని కొఱకు ఓర్పుతో చెవియొగ్గవలెను. కంటికి కనబడని యొక్క కణపు జంటకు అన్యాయము జరుగకుండ అదే ఉచ్చులో అదే పీడనముతో ఇరువది నాలుగువేల సార్లు తూచినవారు లోకమున నున్నారు. ఒకే తల్లికి పుట్టినవారిని ఒక్కసారియైన తూచి చూడని వారము మనము. చదువరులలో ఆడుతోబుట్టువులు గలవారు ఈ నెలలో ఒక సాయంకాలము తీరుబడి చేసికొని, ఒక కాగితముపై రెండు వరుసలు గీసి కూర్చుందురు గాక. కూడిక వేసిన పిదప ఆ కాగితమును చింపివేయక, తోబుట్టువు ఇంటికి కొనిపోయి, ఆమె చేతికిచ్చి, ఆమె చెప్పు వఱకు మాటలాడకుండుడని మా ప్రార్థన.